బండి ఎత్తు పెంచాక ఎడమ మలుపుల్లో ఏబీఎస్ లైటు వెలుగుతోంది. మాడ్యూల్ పోయిందంటున్నారు, నిజమేనా?

పాడేరు కాఫీతోట:

అందరికీ నమస్కారం. మాది పాడేరు దగ్గర ఒక ఊరు. కాఫీ, మిరియాలు సాగు. నా బండి 2021 థార్ డీజిల్, హార్డ్ టాప్, 41 వేల కిలోమీటర్లు తిరిగింది. వానాకాలం తోట దారిలో ట్రాక్టర్ టైర్ల చాళ్లు పడి, మధ్యలో రాళ్లు లేచి, బండి అడుగుకు తగులుతున్నాయి. అందుకని వైజాగ్‌లో ఒక గ్యారేజీలో రెండంగుళాలు ఎత్తు పెంచించాను. ముందు వైపు స్పేసర్లు వేశారు, వెనక పొడవు స్ప్రింగులు మార్చారు. టైర్లు పాతవే, కంపెనీ సైజే.

తొమ్మిదో రోజున మాడుగుల నుంచి ఘాట్ ఎక్కుతుంటే ఏబీఎస్ లైటు (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటుది), దాని పక్కన జారుతున్న కారు బొమ్మ లైటు (బండి పట్టు తప్పకుండా చూసే ఏర్పాటుది) రెండూ వెలిగాయి. బండి ఆపి తాళం తీసి మళ్లీ పెడితే పోయాయి. రెండు కిలోమీటర్లకు మళ్లీ వచ్చాయి. గ్యారేజీకి తీసుకెళ్తే స్కానర్ పెట్టి, ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సార్ అని చెప్పి కొత్తది వేశారు. నాలుగు రోజులు బాగుంది. అయిదో రోజు మళ్లీ అదే లైటు, స్కానర్‌లో మళ్లీ అదే కోడ్. ఈసారి "సెన్సార్ కొత్తది కదా, ఇక పోయింది ఏబీఎస్ మాడ్యూలే" అంటున్నారు, అంటే ఏబీఎస్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె. ధర వింటే గుండె ఆగినంత పనయింది. ఇంకో చోట చూపిస్తే బ్యాటరీ వీక్ అయినా ఇలా వస్తుందన్నారు. బ్యాటరీ మార్చి ఏడాది కూడా కాలేదు.

అనకాపల్లి హైవే మీద గంటన్నర నడిపినా ఒక్కసారీ రాలేదు. ఘాట్‌లో వస్తుంది, అదీ ఎక్కువగా ఎడమకు తిరిగే మెలికల్లో. తోట దారిలో ఎడమ చక్రం గోతిలోకి దిగినప్పుడు కూడా రెండుసార్లు వచ్చింది.

నాన్నకు ఒంట్లో బాగోలేదు, నెలకు రెండుసార్లు వైజాగ్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ లైటు వెలుగుతుంటే ఘాట్ దిగడం నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఆయన వెనక సీట్లో పడుకుని ఉంటారు, నేను చేతులు బిగబట్టుకుని నడుపుతాను. నా దగ్గర మల్టీమీటర్ ఉంది. ఫోన్‌కి కలిపే చిన్న స్కానర్ కూడా ఉంది గానీ, అది ఇంజన్ కోడ్‌లే చూపిస్తోంది, ఏబీఎస్ లోపలికి వెళ్లడం లేదు. మాడ్యూల్ కొనే ముందు నేనే ఇంట్లో ఏమైనా పరీక్ష చేసుకోగలనా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

ఆటోనగర్ వైరింగ్:

తమ్ముడూ, ముందు ఆ మాడ్యూల్ కొనకు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా వైరింగ్ పని చేస్తున్నాను. ఎత్తు పెంచిన బండ్లు మా దగ్గరికి వారానికి ఒకటైనా వస్తుంది.

బ్యాటరీ, ధరలు, సెన్సార్లు అన్నీ చెప్పి మధ్యలో ఒక మాట అనేసి వెళ్లిపోయావు. హైవే మీద రాదు, ఎడమ మెలికల్లో వస్తుంది, ఎడమ చక్రం గోతిలో దిగితే వస్తుంది. మాడ్యూల్ పోతే దానికి హైవే, ఘాట్ అనే తేడా తెలియదు. బ్యాటరీకీ తెలియదు. ఎడమకు తిరిగినప్పుడు బండి కుడివైపు ఒరుగుతుంది, ఎడమ చక్రం కిందికి వేలాడుతుంది. గోతిలో దిగినా అంతే. రెండు సందర్భాల్లోనూ జరిగేది ఒకటే: చక్రం ఛాసిస్ నుంచి దూరం జరుగుతుంది. ఆ రెండిటి మధ్య వేలాడే వైరు ఒకటుంది. అదే నీ సెన్సార్ వైరు.

స్పేసర్ పెట్టడం అంటే షాక్, స్ప్రింగు మొత్తాన్ని కిందికి జరపడం. బండి నిలబడి ఉన్నప్పుడు రెండంగుళాలు పెరిగిందని మనం అనుకుంటాం. జాకీ వేసి చక్రం గాల్లో వేలాడదీస్తే, ఇదివరకు ఎక్కడ ఆగేదో అక్కడ ఆగదు, ఇంకా కిందికి దిగుతుంది. కంపెనీ ఆ వైరుకు ఇచ్చిన పొడవు పాత లెక్కకు సరిపోయేది. వైరు పట్టుకునే క్లిప్పుల బ్రాకెట్ కిందికి జరపకపోతే ప్రతి గోతిలోనూ అది కొంచెం కొంచెంగా లాగుతుంది. పైన ఉన్న రబ్బరు తొడుగు సాగుతుంది, లోపలి రాగి పోగులు సాగవు, ఒక్కొక్కటే తెగుతాయి. పైకి చూస్తే వైరు కొత్తదానిలా ఉంటుంది.

మరి కొత్త సెన్సార్ వేస్తే నాలుగు రోజులు ఎందుకు పనిచేసింది? నాకు అనుమానం కప్లర్ మీద ఉంది, అంటే రెండు వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు మీద. సెన్సార్‌తో పాటు దాని వైరు కూడా వస్తుంది, పైన మడ్‌గార్డ్ లోపల ఒక కప్లర్‌లో కలుస్తుంది. లాగుడు చివరికి ఆ కప్లర్ దగ్గర ఆగుతుంది. అవతలి వైపు, అంటే బండి వైరింగ్ వైపు, పిన్ను వెనక్కి జరిగిపోయి ఉండొచ్చు. సెన్సార్ మార్చేటప్పుడు కప్లర్ తీసి మళ్లీ నొక్కారు కదా, ఆ పిన్ను తాత్కాలికంగా అంటుకుంది. నాలుగు రోజుల ఘాట్‌కు మళ్లీ జారింది. స్కానర్ "ముందు ఎడమ సెన్సార్ సర్క్యూట్" అంటుంది తప్ప సెన్సార్ పోయిందని అనదు. సర్క్యూట్ అంటే చక్రం దగ్గరి సెన్సార్ నుంచి మాడ్యూల్ వరకు ఉన్న వైరు, కప్లర్లు, పిన్నులు అన్నీ. ఆ ఒక్క పదం చదవకుండా సెన్సార్లు మార్చేవాళ్లను ఎంతమందిని చూశానో.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. సమతలం మీద బండి పెట్టి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం వెయ్. ముందు వైపు ఛాసిస్ కింద జాకీ వెయ్యి, చక్రాన్ని పట్టుకుని ఉండే కింది ఆర్మ్ కింద కాదు. ఆర్మ్ కింద వేస్తే చక్రం వేలాడదు, మనకు కావలసింది వేలాడటమే. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టకుండా కిందికి దూరొద్దు, జాకీని నమ్మొద్దు. ఇంట్లో ఎవరినైనా స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పమను. నువ్వు టార్చ్ వేసి ఎడమ చక్రం వెనక చూడు. ఏ స్థితిలో వైరు వీణ తీగలా బిగుస్తుందో నీ కంటికే కనబడుతుంది. కుడి చక్రం కూడా చూడు, అక్కడ ఇంకా తెగకపోవచ్చు గానీ అదే దారిలో ఉంటుంది.

అదే టార్చ్‌తో బ్రేక్ హోస్ చూడు. ఇది నీ లైటు కంటే ముఖ్యం. సెన్సార్ వైరు, బ్రేక్ ఆయిల్ వెళ్లే రబ్బరు గొట్టం పక్కపక్కనే ఉంటాయి. వైరు బిగుసుకుంటే గొట్టం కూడా బిగుసుకునే అవకాశం చాలా ఎక్కువ. వైరు తెగితే లైటు వెలుగుతుంది. గొట్టం తెగితే పెడల్ నేల వరకు వెళ్లిపోతుంది. నాన్నగారిని వెనక కూర్చోబెట్టుకుని ఘాట్ దిగుతున్నానన్నావు, అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

మీటరు సంగతి. ఇప్పటి బండ్లలో ఎక్కువగా ఉండేవి కరెంటు తీసుకుని పనిచేసే సెన్సార్లు. వాటికి రెండు వైర్లే ఉంటాయి, పన్నెండు ఓల్టుల దరిదాపు సప్లై వస్తుంది, చక్రం తిరుగుతుంటే కరెంటు 7 మిల్లీ యాంపియర్లకు, 14 మిల్లీ యాంపియర్లకు మధ్య మారుతుంటుంది. మాడ్యూల్ ఆ మార్పులను లెక్కపెట్టి స్పీడు తెలుసుకుంటుంది. పాతకాలం కాయిల్ సెన్సార్లను ఓమ్స్‌లో కొలిచేవాళ్లం, వెయ్యి ఓమ్స్ దగ్గర వస్తే మంచిదనేవాళ్లం. ఆ పద్ధతి వీటికి పనికిరాదు, చూపించే అంకెకు అర్థం ఉండదు, సెన్సార్ కూడా పాడవ్వొచ్చు. కప్లర్ విప్పి, తాళం ఆన్ చేసి, బండి వైపు రెండు పిన్నుల మధ్య ఓల్టులు చూడు. ఓల్టేజీ వస్తుంటే వైరును రెండడుగుల మేర మెల్లగా కదుపుతూ, లాగుతూ చూడు. అంకె ఎగిరిందంటే దొరికినట్టే.

ఎగరకపోయినా వైరు మంచిదని అనుకోవద్దు. మీటరు అంకె సెకనుకు రెండు మూడు సార్లే మారుతుంది, రెప్పపాటు తెగి కలిస్తే దానికి తెలియదు. నేనైతే బల్బు పెడతాను. బ్యాటరీ నెగటివ్ తీసేసి, సెన్సార్ కప్లర్, మాడ్యూల్ కప్లర్ రెండూ విప్పేసి, ఆ ఒక్క వైరు గుండా బయటి బ్యాటరీతో చిన్న పార్కింగ్ బల్బు వెలిగించి వైరు కదుపుతాను. బల్బు ఒక్కసారి రెప్ప వేసినా కంటికి తెలుస్తుంది. కానీ మాడ్యూల్ కప్లర్ విప్పకుండా ఈ పని చేస్తే, ఇప్పుడు బాగున్న మాడ్యూల్ నిజంగానే పోతుంది. చేయి తిరిగినవాడు పక్కన లేకపోతే ఈ పరీక్ష వదిలెయ్. జాకీ పరీక్ష, ఓల్టుల పరీక్ష చాలు.

ఒకటి అడగడం మరిచాను. బిగించేటప్పుడు ఎక్కడైనా వెల్డింగ్ చేశారా? నకిల్‌ను, అంటే చక్రం బిగించి ఉండే ఇనుప దిమ్మను, సుత్తితో కొట్టి ఊడదీశారా?

సూర్యాపేట పికప్:

ఆటోనగర్ అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు. నాది థార్ కాదు, సరుకు తోలే పికప్. లోడుకు వెనక కూర్చుంటోందని కమాన్ కట్టలో రెండు పట్టీలు ఎక్కువ వేయించాను. వారానికి రాత్రిపూట వింత మొదలైంది. కుడి ఇండికేటర్ వేస్తే వెనక టెయిల్ లైటు కూడా దానితో పాటు కొట్టుకునేది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలిగేది. మూడు వారాలు బల్బు హోల్డర్లు, ఫ్లాషర్, స్విచ్ అన్నీ మార్చాను. చివరికి ఒక పెద్దాయన వచ్చి, మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకో కొస టెయిల్ ల్యాంపు ఎర్త్ వైరుకు పెట్టి, లైట్లన్నీ వేయమన్నాడు. రెండు ఓల్టుల పైన చూపించింది. అక్కడ 0.2 దాటకూడదట.

కమాన్ పని చేసేటప్పుడు ఛాసిస్‌కు ఉన్న ఎర్త్ బోల్టు విప్పారు, తిరిగి బిగించే ముందు తుప్పు రాకుండా పెయింటు కొట్టి దాని మీదే బిగించారు. పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద బిగించి, పైన గ్రీజు రాశాక ఇప్పటికి రెండేళ్లు, ఒక్కసారీ ఆ బాధ రాలేదు. కాబట్టి తమ్ముడూ, వాళ్లు ఏయే బోల్టులు విప్పారో అడిగి తెలుసుకో. వైరింగ్ జోలికి వెళ్లలేదని వాళ్లు అంటారు, ఎర్త్ బోల్టును వైరింగ్ కింద లెక్కపెట్టరు.

కూకట్‌పల్లి అలైన్‌మెంట్:

ఎత్తు పెంచాక అలైన్‌మెంట్ చేయించారా? నేరుగా వెళ్లేటప్పుడు స్టీరింగ్ కొంచెం పక్కకు తిరిగి ఉంటే, బండి తిన్నగా వెళ్తున్నా స్టీరింగ్ సెన్సార్ మాత్రం తిరుగుతోందని చెబుతుంది. రెండిటికీ పొంతన కుదరక ఆ జారుతున్న కారు లైటు వస్తుంది. ముందు అలైన్‌మెంట్, ఆ తర్వాత స్కానర్‌తో స్టీరింగ్ సున్నా సెట్ చేయడం, ఈ వరసలోనే జరగాలి. మీ కేసులో చక్రం సెన్సార్ కోడ్ వస్తోంది కాబట్టి మొదటి దోషి ఇది కాదు. కానీ వైరు బాగుచేశాక కూడా ఆ ఒక్క లైటు మిగిలితే ఇది గుర్తు పెట్టుకోండి.

ఇంకొకటి, చెప్పకుండా ఉండలేను. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ అవసరమైన రోజున ఆ ప్రశ్న రావచ్చు, మీ ఏజెంటుతో ముందే మాట్లాడి ఉంచండి.

పాడేరు కాఫీతోట:

అన్నలందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న ఆదివారం మా బావమరిదిని పిలిచి జాకీ పరీక్ష చేశాను.

స్టీరింగ్ మధ్యలో ఉన్నప్పుడు వైరు బిగువుగా ఉంది గానీ పర్వాలేదనిపించింది. పూర్తిగా ఎడమకు తిప్పమన్నాను. వైరు ఒక్కసారిగా తిన్నగా లాగుకుపోయింది, వేలితో మీటితే మోగింది. మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్ విప్పితే, కప్లర్ తన క్లిప్పులోంచి ఊడి ఒక పక్కకు వాలిపోయి వేలాడుతోంది. బండి వైపు రెండు పిన్నుల్లో ఒకటి లోపలికి జరిగిపోయింది, పక్కదానికంటే సుమారు మూడు మిల్లీమీటర్లు వెనక ఉంది. తాళం ఆన్ చేసి ఓల్టులు చూస్తే 11.8. ఆ వైరును వేలితో తాకగానే సున్నా. వదిలితే మళ్లీ 11.8. పదిసార్లు చేసి చూశాను, పదిసార్లూ అంతే. నా చేత్తో నేను కనిపెట్టానంటే ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

బ్రేక్ హోస్ గురించి మీరన్నదీ నిజమే అన్నా. ఎడమవైపు గొట్టానికి చివర లోహపు భాగం కలిసే చోట రబ్బరు మీద వెంట్రుకలంత సన్నటి గీతలు పడ్డాయి. లీకు లేదు. కుడివైపు గీతలు లేవు, కానీ బిగువు ఉంది. అది చూశాక రాత్రి నిద్ర పట్టలేదు. మొన్న గురువారమే నాన్నను ఈ బండిలో తీసుకెళ్లి తీసుకొచ్చాను.

వెల్డింగ్ గురించి అడిగారు. గ్యారేజీ కుర్రాడికి ఫోన్ చేస్తే, వెనక ఒక బ్రాకెట్‌కు చిన్న వెల్డింగ్ వేశామన్నాడు. బ్యాటరీ విప్పారా అంటే గుర్తు లేదన్నాడు. నకిల్‌ను కొట్టలేదట. ఇప్పుడు పిన్ను లోపలికి నొక్కి, వైరు కోసి కలిపి టేపు చుట్టేస్తే సరిపోతుందా?

ఆటోనగర్ వైరింగ్:

గీతలు చూశాక ఆ బండి కదపొద్దు తమ్ముడూ. గురువారం ఏమీ కాలేదు, సంతోషం. వచ్చే ఆసుపత్రి రోజుకు వేరే బండి మాట్లాడుకో.

వెల్డింగ్ వల్ల మాడ్యూల్ పోయి ఉంటే లైటు ఆరేదే కాదు, చక్రం కిందికి దిగే దాకా ఆగేది కాదు. ఆ భయం వదిలెయ్. ఇకముందు ఎక్కడ వెల్డింగ్ చేయించినా బ్యాటరీ రెండు కొసలూ విప్పించు. వెల్డింగ్ ఎర్త్ క్లాంపు పని జరిగే చోటుకు పక్కనే పెట్టించు. దూరంగా పెడితే ఆ కరెంటు బేరింగుల గుండా పోతుంది. కొన్ని బండ్లలో బేరింగు సీలులోనే అయస్కాంతపు చుట్టు ఉంటుంది, సెన్సార్ చదివేది దాన్నే. నకిల్ గురించి అడిగింది కూడా అందుకే, సుత్తి దెబ్బకు ఆ చుట్టు చిట్లితే ఎన్ని సెన్సార్లు మార్చినా లైటు పోదు.

టేపు వద్దు. ఆ పిన్నుకు ప్లాస్టిక్ లోపల చిన్న నాలుకలాంటి లాక్ ఉంటుంది, అది వంగిపోయి ఉంటుంది. పిన్ను నొక్కితే ఇవాళ నిలబడుతుంది, మళ్లీ జారుతుంది. కప్లర్ బండి వైపు ముక్క వైరుతో సహా విడిగా దొరుకుతుంది, ఆటోనగర్‌లోనూ దొరుకుతుంది, వైజాగ్‌లోనూ దొరుకుతుంది. అది వేయించు. ఆ రెండు వైర్లూ ఒకదానికొకటి మెలివేసి ఉంటాయి, జాయింటు వేశాక కూడా ఆ మెలిక అలాగే ఉండాలి, పక్క వైర్ల అలజడి లోపలికి రాకుండా ఉండేది దానివల్లే. జాయింటు ఎప్పుడూ ఛాసిస్‌కు కట్టేసి ఉన్న భాగంలో వేయాలి. కదిలే భాగంలో సోల్డరింగ్ చేస్తే అక్కడ వైరు పుల్లలా గట్టిపడి, దాని పక్కనే మళ్లీ తెగుతుంది. జాయింటు మీద జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే ముడుచుకుని పట్టుకునేది) వేయించు, మీ ఏజెన్సీ వానలకు మామూలు టేపు ఒక సీజను కూడా ఆగదు.

తర్వాత అసలు పని, వైరుకు ఊపిరి ఇవ్వడం. ఛాసిస్ దగ్గరి క్లిప్పు బ్రాకెట్‌ను నలభై, యాభై మిల్లీమీటర్లు కిందికి జరిపించు. బ్రేక్ గొట్టాలు రెండు వైపులా పొడవైనవి, ఆ ఎత్తుకు సరిపోయేవి వేయించు. ఒక్క ఎడమదే మార్చి ఊరుకోకు. గొట్టం మార్చాక బ్రేకుల్లో గాలి తీయించు. మళ్లీ జాకీ వేసి, చక్రం వేలాడదీసి, రెండు చివర్లకూ స్టీరింగ్ తిప్పించి చూడు. ఎక్కడా బిగువు ఉండకూడదు. చక్రం పైకి నొక్కుకున్నప్పుడు వదులు ఎక్కువై టైరుకు రాసుకోకూడదు కూడా, అది కూడా చూడు. వెనక యాక్సిల్ దగ్గర కూడా ఇదే పని చెయ్యి, వెనక పొడవు స్ప్రింగులు వేశారన్నావు.

నువ్వు తీసిన ఆ సెన్సార్, పాతది, పారేశారా? దాన్ని అడిగి తీసుకో. నాకు తెలిసి అది బాగానే ఉండి ఉంటుంది, స్పేర్‌గా పనికొస్తుంది.

పాడేరు కాఫీతోట:

కొంచెం ఆలస్యంగా రాస్తున్నాను, తోటలో పని తెగలేదు. గొట్టాలు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. బండిని లారీ మీద ఎక్కించి కిందికి దించాం, అదీ వేరే గ్యారేజీకి. అన్న చెప్పినట్టే కప్లర్ ముక్క, రెండు ముందు గొట్టాలు, ఒక వెనక గొట్టం, నాలుగు బ్రాకెట్లు. నేను పక్కనే నిలబడి జాకీ పరీక్ష నా కళ్లముందు చేయించాను. ఆ తర్వాత అలైన్‌మెంట్, స్టీరింగ్ సున్నా. మొత్తం ఖర్చు మాడ్యూల్ ధరలో అయిదో వంతు కూడా కాలేదు.

నిన్నటికి ఘాట్ మీద ఆరు ట్రిప్పులు. వంజంగి వైపు మట్టిదారిలో కావాలనే ఎడమ చక్రం గోతుల్లో దించి చూశాను. లైటు రాలేదు. పాత సెన్సార్ తెచ్చుకున్నాను అన్నా, డ్యాష్‌బోర్డు పెట్టెలో ఉంది. రేపు పొద్దున్నే నాన్నను తీసుకుని దిగుతున్నాం.